ఖైదీ వచ్చాడు, హవాలాతీ రాలేదు

పెద్దాపురంలో జైలుకి ఎన్ని మారుపేర్లున్నాయో తెలుసుకోవడానికి నిఘంటువు అక్కర్లేదు. కోర్టు దగ్గర టీ బడ్డీ చాలు. 'లోపలేశారు' అంటాడొకడు. 'కొట్లో తోశారు' అంటాడింకొకడు. 'చిప్పకూడు తింటున్నాడు', 'ఊచలు లెక్కెడుతున్నాడు', 'అత్తారింటికి వెళ్లాడు' అని తలా ఒక మాట వేస్తారు. అదే తెలంగాణ వైపైతే 'బొక్కలేసిన్రు' అంటారు. కాస్త చదువుకున్న హాస్యగాడు ఎవడైనా ఉంటే కళ్లజోడు సవరించుకుని 'శ్రీకృష్ణ జన్మస్థానం' అంటాడు. బల్ల మీద కూర్చున్నవాళ్లంతా నవ్వుతారు.

నవ్వుతూ అనే మాటలే అన్నీ. అయితే లోపలికి వెళ్లినవాడు ఎవడన్నదాన్ని బట్టి మాట మారుతుంది. సారా కేసులో పోయినవాడు ఊచలు లెక్కెడతాడు. లంచం కేసులో పోయిన ఆఫీసరు శ్రీకృష్ణ జన్మస్థానానికి వెళతాడు. స్వాతంత్ర్య సమరయోధుడైతే 'కారాగారవాసం' చేస్తాడు. సాయిబుల కుర్రాడు వెళితే? అప్పుడు బడ్డీ దగ్గర గొంతులు తగ్గుతాయి. 'ఏదో కేసంటండీ' అంటారు. హాస్యం ఉండదు. ఆ హాస్యం లేకపోవడం గురించే ఈ నాలుగు మాటలు.

శ్రీకృష్ణ జన్మస్థానం అనే మాటని పట్టి చూడండి. కంసుడి చెరలో దేవకీదేవికి కృష్ణుడు పుట్టాడు గనక జైలుకి ఆ పేరొచ్చింది. చమత్కారం బాగానే ఉంది. అయితే అందులో చమత్కారంతో పాటు క్షమ కూడా ఉంది. వెళ్లినవాడు మనవాడే, పోయింది ఎక్కడికో కాదు, దేవుడు పుట్టిన చోటికే, రేపు వస్తాడు, మళ్లీ ఈ బల్ల మీదే కూర్చుంటాడు అనే ధీమా ఉంది. జైలుకి వెళ్లినా కులం పోదు, ఊరు పోదు. ఆ పేరు ముస్లిం కుర్రాడికి ఎందుకు వాడరు? మా మనసు నొచ్చుకుంటుందని మొహమాటమనే మిత్రులున్నారు. నేను ఒప్పుకోను. వేళాకోళం చేసేంత దగ్గరవాడు కాదనుకోవడమే అసలు సంగతి.

ఇంకొకటి. 1992 డిసెంబరు 6 తర్వాత 'జన్మస్థానం' అన్న మాట మా చెవికి ఒకలా వినబడదు. అయోధ్యలో 'జన్మస్థాన్' అన్నారు. మథురలో షాహీ ఈద్గా మీద కోర్టుల్లో నడుస్తున్నది సాక్షాత్తూ శ్రీకృష్ణ జన్మస్థానం దావాయే. మీకు జైలుని గుర్తు చేసి నవ్వించే మాట మాకు వాయిదాని గుర్తు చేస్తుంది.

మాకూ ఒక జైలు కథ ఉంది. యూసుఫ్ అలైహిస్సలాం కథ. అమ్ముడుపోయి పరాయి దేశం చేరిన కుర్రాడు. యజమాని భార్య నింద వేసింది. చొక్కా వెనక వైపు చిరిగి ఉంది గనక తప్పు అతనిది కాదని అక్కడే తేలిపోయింది. తేలినా జైల్లో పెట్టారు. ఏళ్ల తరబడి మరిచిపోయారు. విచారణ లేదు, తీర్పు లేదు, శిక్షాకాలం అంతకన్నా లేదు. ఇదే కథ గోదావరి డెల్టా పల్లెల్లో క్రైస్తవ పేటలన్నిటికీ యోసేపు పేరుతో తెలుసు. వాళ్ల తెలుగు బైబిలు దాన్ని 'చెరసాల' అంటుంది. మా యూసుఫ్, వాళ్ల యోసేపు ఒకడే మనిషి. ఇంతమంది ఇళ్లలో చెప్పుకునే కథ, అయినా జైలుని 'యూసుఫ్ గారిల్లు' అని కానీ 'యోసేపు సత్రం' అని కానీ ఎవరూ అనగా వినలేదు. తెలుగు జాతీయంలో ఎవరి పురాణం చేరుతుందో, ఎవరిది గుమ్మం బయట నిలబడుతుందో చూసుకోవడానికి ఇంతకంటే చిన్న ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు మాటల పుట్టుకకి వద్దాం. తెలుగుకి సొంతంగా ఉన్నది 'చెర'. తమిళంలో 'సిరై' దీని చుట్టమే. అక్కడ ప్రభుత్వ బోర్డుల మీద ఈనాటికీ ఆ మాటే ఉంది. మన బోర్డుల మీద 'కారాగారం' ఉంది, సంస్కృతం. జనం నోట 'జైలు' ఉంది, ఇంగ్లీషు. దాని మూలం లాటిన్‌లో పంజరం అనే మాట అని చెబుతారు. ఇక 'బందీఖానా'. 'బందీ' మాదంటే మాదని సంస్కృతం, పారశీకం రెండూ అనగలవు, ఎందుకంటే 'బంధ', 'బంద్' ఒక తల్లి పిల్లలు. పక్కపక్క ఇళ్లలో పెరిగి గోడ కట్టుకున్నవాళ్లన్నమాట. 'ఖైదు' అరబ్బీ. అసలర్థం కాలికి వేసే సంకెల.

ఒక్క ఖైదుతో ఆగలేదు. జైలు చుట్టూ ఉన్న తెలుగంతా వెతికి చూడండి. ఫిర్యాదు, దర్యాప్తు, దాఖలా, వకీలు, వకాల్తా, జామీను, ముచ్చలికా, జప్తు, హాజరు, వాయిదా, ముద్దాయి, ఖూనీ, ఖైదీ, బేడీలు, దరోగా. ఇవి తీసేస్తే తెలుగువాడు కోర్టు మెట్లెక్కలేడు. వీటిలో చాలావరకు నవాబుల కచేరీ నుంచి వచ్చినవే. కానీ గోదావరి జిల్లాల్లో వీటిని పాతుకునేట్టు చేసింది నవాబులు కాదు. 1766లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి పోయాయి. కంపెనీ తన కోర్టులు తాను పెట్టుకుని, పాత కచేరీ మాటల్నే ఉంచుకుంది. ఆ మాటలు తెలియక జిల్లా అధికారులు తికమకపడుతుంటే బ్రౌన్ దొర 1850లలో వాటికి ప్రత్యేకంగా నిఘంటువులే కూర్చాడు. తాలూకా ఆఫీసు పక్కన సబ్ జైలు, జిల్లాకి పెద్ద జైలు, గోడ, గంట, నంబరు, ఇవన్నీ ఇంగ్లీషువాడి కట్టడం. గోడ వాడిది, మాట మాది. వినేవాడి మనసులో మాత్రం అరెస్టు చుట్టూ ఉన్న ఉర్దూ వాసన అంతా వచ్చి మనిషికే అంటుకుంది.

ఈ మాటలు తెలుగులోకి వచ్చేటప్పుడు ఏమయ్యాయో చూస్తే రెండు భాషలూ తెలిసినవాడికి ఒక పక్క నవ్వు, ఒక పక్క భయం కలుగుతాయి. ఉర్దూలో 'ఖూనీ' అంటే హంతకుడు. తెలుగులో హత్య. అంటే మనిషి పేరే నేరం పేరయింది. ఉర్దూలో 'జామిన్' అంటే పూచీ పడే మనిషి. తెలుగులో 'జామీను' అంటే పూచీ. 'ఫర్యాద్' అంటే ఆర్తితో పెట్టే మొర, అది దేవుడికైనా కావచ్చు, ప్రియురాలికైనా కావచ్చు. తెలుగులో అది పోలీసు స్టేషన్లో రాసిచ్చే కాగితం. వీటన్నిటికీ మేటి 'ముద్దాయి'. ఉర్దూలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, వాది. ఎవరి మీద వేశారో అతన్ని 'ముద్దాఅలైహ్' అంటారు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. ఆ పొడుగాటి మాటకి తోక తెగిందో, అర్థమే తల్లకిందులైందో పండితులు తేల్చాలి. ఫలితం మాత్రం ఒకటే. నాకు అన్యాయం జరిగిందని మొర పెట్టుకునేవాడి పేరు తెలుగులోకి వచ్చేసరికి నేరస్థుడి పేరైంది. ఇది ఎవరో పన్నిన కుట్ర కాదు, భాషలో ఇలాంటివి సహజం. అయినా మా మొర కూడా మా మీదికే నేరంగా తిరిగొచ్చిన ఇన్నేళ్ల అనుభవం తర్వాత ఈ మాటని మామూలుగా చదవడం కష్టం.

వచ్చిన మాటల సంగతి ఇది. రాని మాట ఒకటుంది. ఉర్దూలో రెండు మాటలున్నాయి, హవాలాతీ, ఖైదీ. విచారణ కోసం 'హవాలాత్'లో ఉంచినవాడు హవాలాతీ. శిక్ష పడినవాడు ఖైదీ. ఉత్తరాది కోర్టుల్లో, జైళ్లలో ఈ తేడా ఈనాటికీ చదువు రాని బంట్రోతుకి కూడా తెలుసు. 'హవాలా' అంటే అప్పగింత. ఒకడిని కొంతకాలం సర్కారుకి అప్పగించారు, లెక్క తేలాక తిరిగి ఇవ్వాలి. ఆ మాటలోనే తిరిగి ఇచ్చే బాధ్యత ఉంది. తెలుగు ఖైదీని తెచ్చుకుంది, హవాలాతీని తెచ్చుకోలేదు. 'హవాలా' మాత్రం తర్వాత తెలుగు పత్రికల్లోకి వచ్చింది, 1990లలో దొంగడబ్బు అర్థంలో. అదీ మళ్లీ మా గడప ముందే వచ్చి కూర్చుంది!

మాట లేకపోతే ఏమైంది, 'విచారణ ఖైదీ', 'రిమాండు ఖైదీ' ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాటిలో కూడా చివర ఉన్నది ఖైదీయే. హెడ్డింగులో చోటు చాలక ముందు మాట ఎగిరిపోతుంది, వెనక మాట నిలుస్తుంది. బడ్డీ దగ్గరికి వచ్చేసరికి 'జైలుకెళ్లొచ్చాడు' ఒక్కటే మిగులుతుంది. జైలుకెళ్లొచ్చాడు అంటే తెలుగులో తప్పు చేశాడనే అర్థం. వ్యాకరణం అలా లేదు, వాడుక అలా ఉంది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్నది సుమారు 5 లక్షల 73 వేల మంది. అందులో 4 లక్షల 34 వేల మంది మీద తీర్పే రాలేదు. నలుగురిలో ముగ్గురికి సరైన పేరు లేని భాష మనది. జనాభాలో 14 శాతం ఉన్న ముస్లింలు ఈ తీర్పు రానివాళ్లలో అంతకు మించిన శాతం ఉన్నారని అవే లెక్కలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాయి. కాబట్టి ఈ లేని మాట వల్ల ఎక్కువ నష్టం ఎవరికో వేరే చెప్పక్కర్లేదు.

2007 మే 18, శుక్రవారం, హైదరాబాదు మక్కా మసీదులో నమాజు వేళ బాంబు పేలింది. చచ్చినవాళ్లు మావాళ్లే. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయిందీ మావాళ్లనే. ఆ కుర్రాళ్లు చిత్రహింసలు పడ్డారు, నెలల తరబడి జైల్లో ఉన్నారు, కోర్టులు వాళ్లని నిర్దోషులన్నాయి. తర్వాత ప్రభుత్వం నష్టపరిహారం ఇచ్చింది, మంచి నడవడి ఉందని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారం చెల్లదంది. ఆ తర్వాత ఇంకొకళ్ల మీద నడిచిన కేసు కూడా 2018లో వీగిపోయింది.

నా దృష్టి ఆ సర్టిఫికెట్ మీద ఉంది. ఏ తప్పూ చెయ్యని పౌరుడికి నువ్వు మంచివాడివేనని సర్కారు కాగితం ఎందుకు ఇవ్వాల్సి వచ్చింది? 'నిర్దోషి' అనే మాటకి మన వ్యవహారంలో బరువు లేదు గనక. నిర్దోషి కోర్టు మాట. జైలుకెళ్లొచ్చినవాడు ఊరి మాట. అద్దెకి ఇల్లు ఇచ్చేవాడు, పిల్లనిచ్చేవాడు, ఉద్యోగం ఇచ్చేవాడు ఊరి మాటే వింటాడు.

ముద్ర అంటే ఏమిటో పెద్దాపురం వాళ్లకి ఒకరు చెప్పనక్కర్లేదు. వత్సవాయి వారి సంస్థానం, పట్టుబట్టల నేత, మరిడమ్మ జాతర, పాండవుల మెట్ట ఇన్ని ఉన్న ఊరు. బయటి ఊళ్లో పేరు చెప్పగానే ఎదుటివాడి మూతి మీదికి ఒక వెకిలి నవ్వు వస్తుంది. కొన్ని కళావంతుల కుటుంబాల బతుకుని ఊరంతటికీ పేరుగా అంటించేశారు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది, తరాలు మారాయి, నవ్వు మారలేదు. ఇక్కడి కుర్రాళ్లు హాస్టల్లో ఊరి పేరు చెప్పడానికి తడబడటం కొత్త కాదు, 'కాకినాడ దగ్గరండీ' అని దాటేస్తారు. సాటి ముద్ర మోస్తున్న ఊరు ఇంకొకడి ముద్రని త్వరగా గుర్తుపట్టాలి. నా అనుభవంలో కొందరు గుర్తుపట్టారు, కొందరు పట్టలేదు.

జైలర్‌గా మాత్రం ముస్లింని తెలుగు బాగా గుర్తుపెట్టుకుంది. తెలుగు ఇళ్లలో పిల్లవాడు విన్న మొదటి జైలు కృష్ణుడిదైతే రెండోది రామదాసుది. కంచెర్ల గోపన్నని తానీషా గోలకొండలో వేశాడు. ఆ బందీఖానాని ఈనాటికీ యాత్రికులకి చూపిస్తారు. 1964లో నాగయ్య సినిమా తీశారు, 2006లో మళ్లీ తీశారు. కథలో తానీషాకి కూడా రామదర్శనం అవుతుంది, అంచేత అతను మరీ దుర్మార్గుడు కాడు, అంతవరకు తెలుగు మనసు మెత్తనిదే. అయితే కథ అక్కడితో ఆగిపోతుంది. 1687లో ఔరంగజేబు గోలకొండని పట్టుకున్నాక అదే తానీషా, అబుల్ హసన్ కుతుబ్ షా, దౌలతాబాదు కోటలో ఖైదీ అయ్యాడు. పదేళ్లకు పైగా ఉండి అక్కడే పోయాడు. గోపన్నని జైల్లో పెట్టిన రాజు తానే జైల్లో చావడం కంటే పెద్ద కథ ఏముంది? ఏ హరికథలోనూ వినలేదు. పెట్టినవాడుగా ముస్లిం కథకి పనికొచ్చాడు, పడినవాడుగా పనికిరాలేదు. మన గోదావరిలోనూ అంతే. 1730లలో రాజమండ్రి ఫౌజుదారుగా వచ్చి జమీందార్లని అణిచిన రుస్తుం ఖాన్ క్రూరత్వం పెద్దాపురం చరిత్రలో భద్రంగా ఉంది. ఉండాల్సిందే, కాదనను. ఆ పక్కనే ఇంకేమైనా ఉందా అన్నదే ప్రశ్న.

సినిమా ఇంకో ముచ్చట. 1983లో 'ఖైదీ' వచ్చింది, చిరంజీవిని పెద్ద హీరోని చేసింది. అందులో ఖైదీ అంటే అన్యాయానికి ఎదురుతిరిగిన పల్లెటూరి కుర్రాడు. ఒక అరబ్బీ మాటకి తెలుగులో అంత ఇజ్జత్ ముందెప్పుడూ రాలేదు. 1988లో 'ఖైదీ నెం. 786' వచ్చింది. ఏడువందల ఎనభై ఆరు మాకు బిస్మిల్లా అంకె. పెళ్లి శుభలేఖల మీద, ఆటోల మీద, కొట్ల గల్లాపెట్టెల మీద రాసుకుంటాం. మాట మాది, అంకె మాది, హీరో మాత్రం మావాడు కాడు. మా పిల్లలు ఈలలు వేశారు, నేనూ వేశాను, అందులో సిగ్గుపడేదేమీ లేదు. కానీ అదే అంకెని సెల్‌ఫోను నంబర్లో కావాలని వెతికి కొనుక్కున్న కుర్రాడిని పోలీసులు ఎలా చూస్తారో ఆ టైటిల్ పెట్టినవాళ్లకి తెలియదు.

ఉర్దూలో జైలు గురించి కచేరీ మాటలే లేవు. కవుల మాటలూ ఉన్నాయి. జిందాన్ అంటే చెరసాల, ఖఫస్ అంటే పంజరం, అసీర్ అంటే బందీ. మౌలానా ఆజాద్ 1942 నుంచి అహ్మద్‌నగర్ కోట జైల్లో రాసిన ఉత్తరాలు 'గుబారె ఖాతిర్' అయ్యాయి. ఫైజ్ జైల్లో రాసిన కవితలు 'జిందాన్‌నామా' అయ్యాయి. మన తెలంగాణ మఖ్దూం కవితకి 'ఖైద్' అనే పేరే పెట్టాడు. ఆ వాడుకలో బందీ అంటే తలవంచుకునేవాడు కాదు. తెలుగు మా కచేరీని తీసుకుంది, గజల్‌ని గడప బయటే ఉంచింది. దారి లేక కాదు. పెద్దాపురం పక్కన పిఠాపురంలో ఉమర్ అలీషా, 1945లో కన్నుమూసిన పెద్దమనిషి, ఖయ్యాంని పారశీకం నుంచి తెలుగు పద్యంలోకి తెచ్చారు. దారి ఉంది, నడిచినవాళ్లు తక్కువ.

తేడా చెప్పాలనుకుంటే తెలుగుకి చెప్పడం వచ్చు. 2023 సెప్టెంబరులో చంద్రబాబు నాయుడు రాజమండ్రి సెంట్రల్ జైలుకి రిమాండు మీద వెళ్లారు. యాభై రోజులకి పైగా ఉన్నారు. ఆయన నంబరు 7691 ఊరూరా తెలిసింది. ఆ రోజుల్లో రిమాండు అంటే శిక్ష కాదని, నేరం రుజువయ్యేవరకు నిర్దోషేనని, ఆరోపణ వేరు తీర్పు వేరని టీవీల్లో, పత్రికల్లో, బడ్డీల దగ్గర అందరూ అందరికీ పాఠం చెప్పారు. ఎదుటి పక్షం వాళ్లు మాత్రం 'ఖైదీ నంబరు' అనే మాటనే నొక్కి పలికారు. రెండు పక్షాలకీ మాట విలువ తెలుసు. ఆ పాఠం మంచిదే, న్యాయమైనదే. మక్కా మసీదు కుర్రాళ్లప్పుడు ఆ పాఠం చెప్పడానికి పంతులు దొరకలేదు.

ఈ నష్టం మా ఒక్కరిదే అంటే అబద్ధమవుతుంది. అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ సాయిబాబా ఈ డెల్టా బిడ్డే. చక్రాల కుర్చీ మనిషిని 2014లో అరెస్టు చేసి, తర్వాత నాగపూర్ జైల్లో 'అండా సెల్'లో ఉంచారు. అండా అంటే ఉర్దూ, హిందీల్లో గుడ్డు, గది ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. తెలుగు పత్రికల్లో చదివినవాడికి ముందు తోచేది మన తెలుగు 'అండ', ఆసరా. ఆ గదికి ఇంతకంటే క్రూరమైన పేరు ఎవరూ పెట్టలేరు. 2024 మార్చిలో హైకోర్టు నిర్దోషి అంది, అక్టోబరులో ఆయన చనిపోయారు. ఆ ఏడు నెలల్లో కూడా ఆయన్ని 'మావోయిస్టు కేసు ఖైదీ' అన్నవాళ్లున్నారు.

ఒక పత్రిక డెస్కులో కొన్నేళ్లు కూర్చున్నవాడిగా కుర్ర ఉపసంపాదకులు నన్ను అడిగేది తెలుసు. హవాలాతీ అని రాస్తే పాఠకుడికి అర్థం కాదు కదా సార్, అంటారు. ముద్దాయి అర్థమైంది. దర్యాప్తు, జప్తు, వకాల్తా, ముచ్చలికా అర్థమయ్యాయి. ఇది ఒక్కటీ కాకుండా పోతుందా? ఉర్దూ మాట మరీ మింగుడుపడదంటే 'విచారణలో ఉన్నవాడు' అని రాయండి. పొడుగైపోతుంది, హెడ్డింగులో పట్టదంటారు. రెండు కాలమ్‌ల హెడ్డింగులో పడుతుంది, నేను కొలిచి చూశాను.